నాలుగు వేళ్ల తేడా

మా చర్చిలో దేవుడు ఎక్కడుంటాడని ఏ పిల్లవాణ్ణి అడిగినా మధ్యలో అని చెబుతాడు. మరి ఇంకెక్కడుంటాడు? కుడివైపు వరసంతా మా మామయ్య చేయించిన బెంచీలు. ఎడమవైపు వరసంతా మా చిన్నమామయ్య చేయించిన బెంచీలు. ఆ రెండింటి మధ్య నడవడానికి వదిలిన దారి ఒక్కటే ఎవరి సొత్తూ కాదు. పాపం, ఆయన అక్కడే సర్దుకోవాలి.

నేను మా మామయ్యకి పెద్దకోడల్ని. పెద్దాస్పత్రిలో నర్సుని. నా నోరు పెద్దదని అందరూ అంటారు, నేనేమీ కాదనను. వార్డులో గొంతు పెంచకపోతే సెలైన్ స్టాండు కూడా కదలదు. ఇంటికొచ్చాక ఆ గొంతు తగ్గించుకోవడం నాకు చేతకాదు, అంతే.

అసలు గొడవేంటో చెప్తాను, వింటే మీరే నవ్వుతారు. కొత్త చర్చి కట్టినప్పుడు కుడివైపు బెంచీలు నేను చేయిస్తానన్నాడు మామయ్య. ఎడమవైపువి నేను చేయిస్తానన్నాడు ఆయన తమ్ముడు. మామయ్య ఇళ్లు కట్టించే మేస్త్రీ. తమ్ముడిది కుట్టుమిషన్లు బాగుచేసే షాపు. ఎవరి వడ్రంగి వాళ్లకున్నాడు, ఎవరి పంతం వాళ్లకుంది. తీరా ప్రతిష్ఠ రోజున చూస్తే ఎడమవైపు బెంచీలు కాస్త పొట్టిగా వచ్చాయి. ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. మా మామయ్య ఊరుకుంటేగా! సంఘమంతా వచ్చి కూర్చున్నాక లేచి, "మావాడి చెయ్యే పొట్టి అనుకున్నాను, బెంచీలు కూడా నాలుగు వేళ్లు పొట్టే" అని జోకేశాడు. జనం పగలబడి నవ్వారు. చిన్నమామయ్య కూడా లేచాడు. "మా అన్నయ్య బెంచీ మీద కూర్చుంటే కాళ్లు నేలకి ఆనవండీ. అయినా ఆయన కాళ్లు ఎప్పుడు ఆనాయి గనక!" అన్నాడు. జనం ఇంకా గట్టిగా నవ్వారు.

అంతే, ఆ పూట నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్లు జరిగాయి, మనవలు పుట్టారు, ఒకరి గడప ఒకరు తొక్కలేదు. మా అత్తయ్య పోయినప్పుడు చిన్నమామయ్య వచ్చి గుమ్మం బయట నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అన్నతో మాత్రం ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఈయన మాత్రం పలకరించాడా? గోడకేసి తిరిగి కూర్చున్నాడు. వాళ్ల పుణ్యమా అని చర్చి కూడా రెండు ముక్కలైంది. రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం రోజున పాస్టరుగారు ముందు కుడివైపు వాళ్లని, తర్వాత ఎడమవైపు వాళ్లని పిలిచేవారు. రొట్టె ఒకటే, గిన్నె ఒకటే, మనుషులు మాత్రం రెండు విడతలు. ఇదీ మా భక్తి! ఆదివారం డ్యూటీ పడితే లోలోపల నాకు హాయిగా ఉండేది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. మా మామయ్య ఎడమకాలి బొటనవేలు వంకర. దాని మీద గోరు లేదు. చలి పెరిగితే చాలు, సలుపుతుందని మూలుగుతాడు. ఏమైంది మామయ్యా అంటే, "ఒక మహానుభావుడి చేతిచలవ" అంటాడు. ఆ మహానుభావుడు ఎవరో అత్తయ్య చెబితే తెలిసింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న కడుతున్న గోడ దగ్గర ఆడుకుంటుంటే తమ్ముడి చేతిలోంచి ఇటుక జారి అన్న కాలి మీద పడింది. తమ్ముడికి దెబ్బలు పడతాయని, నేనే పడేసుకున్నాను నాన్నా అని చెప్పాడట ఈయన. అలాంటి మనిషి బెంచీ కాళ్ల దగ్గర పట్టుబట్టి కూర్చున్నాడంటే ఏమనుకోవాలి చెప్పండి?

ఇలా ఉండగా ఆ మాయదారి జబ్బు వచ్చింది. షాపులు మూశారు, బస్సులు ఆపారు, చర్చికీ తాళం పడింది. నిజం చెప్తున్నాను, తాళం పడినందుకు నాకు చీమంత బాధ కూడా కలగలేదు. బాధపడే తీరిక ఎక్కడిది? ఆస్పత్రిలో మంచాలు నిండిపోయి వరండాలో పడుకోబెట్టాం, వరండా నిండితే మెట్ల కింద పడుకోబెట్టాం. ఆ తర్వాత గేటు దగ్గరే చేతులు జోడించి వెనక్కి పంపడం మొదలైంది. ఆ పని నాకు పడ్డ రోజున అన్నం సయించేది కాదు.

ఒకరోజు గేటు దగ్గర మా పాస్టరుగారు కనబడ్డారు. సన్నగా రివటలా ఉంటారాయన. మాస్కు మీద కళ్లజోడు మసకబారి, ఎవరితో మాట్లాడుతున్నారో ఆయనకే తెలియడం లేదు.

"అమ్మా, చోటు లేక వెనక్కి పంపుతున్నారట కదా. మన హాలు ఖాళీగా పడుంది. గోడ నిండా కిటికీలే. వాళ్లని అక్కడికి పంపండి" అన్నారు.

"హాలుంటే సరిపోతుందా పాస్టరుగారూ? మంచాలేవి?"

"బెంచీలున్నాయిగా."

"బెంచీ మీద పడుకున్నవాడు దగ్గొస్తే దొర్లి కిందపడతాడు. అప్పుడు వాడికి ఎముకల డాక్టరు కూడా కావాలి" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రెండు బెంచీలు ఎదురెదురుగా దగ్గరికి జరిపితేనో?"

నిజమే. రెండు బెంచీల కూర్చునే చెక్కలు కలిస్తే మంచం. రెండువైపులా వీపు ఆనుకునే చెక్కలు కమ్ముల్లా ఉంటాయి, పడిపోతారన్న బెంగ లేదు. మా పెద్దడాక్టరమ్మ వచ్చి చూసి, "మా ఆస్పత్రిలో కూడా ఇంత గాలి లేదు" అంది. గాలి సిలిండర్లు పంపుతానని, రోజూ వచ్చి చూస్తానని మాటిచ్చింది. నా వైపు తిరిగి, "నువ్వు ఇక్కడే ఉండు, నీ గొంతుకి ఈ హాలు సరిపోతుంది" అని కూడా అంది.

కుడివైపు బెంచీలు కుడివైపు వాటితో, ఎడమవైపువి ఎడమవైపు వాటితో జతకట్టాం. చక్కగా కుదిరాయి. అయితే ఆ పక్కా బేసే, ఈ పక్కా బేసే. చివరికి అటొకటి ఇటొకటి మిగిలాయి. ఏవనుకున్నారు? అన్నదమ్ములిద్దరూ కూర్చునే ముందు వరస బెంచీలు. అవి జతకట్టాలంటే కుడిదాని కాళ్లు కోయాలి, లేదా ఎడమదాని కింద చెక్కలు పెట్టి ఎత్తాలి.

ఇద్దరూ చర్చి గేటు బయట నిలబడే ఉన్నారు, చెరో వైపు. ఇద్దరికీ మధ్య పాస్టరుగారు.

"పాస్టరుగారూ, నా బెంచీ మీద రంపం పెడితే నేను ఒప్పుకోనండి. పొట్టిది ఏదో దాన్నే ఎత్తమనండి" అన్నాడు మామయ్య.

"పాస్టరుగారూ, నా బెంచీ కింద చెక్క పెడితే అది పొట్టిదని నేను ఒప్పుకున్నట్టేనండి. పొగరుగా ఉన్నదాన్నే కోయమనండి" అన్నాడు చిన్నమామయ్య.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇద్దరికీ దండం పెడతాను, ఇక్కణ్ణించి వెళ్లండి! జనం పిట్టల్లా రాలిపోతుంటే బెంచీ కాళ్ల గోలేంటి?" అని గేటు బయటకి వినబడేలా అరిచాను. ఇద్దరూ తల దించుకున్నారు గానీ మాట మాత్రం దించుకోలేదు. ఆ రెండు బెంచీలూ తలుపు పక్కన గోడకి ఆనించేశాం. ఒకదాని మీద మందులు, ఒకదాని మీద దుప్పట్లు పెట్టుకున్నాం.

హాలు రెండు రోజుల్లో నిండింది. మొదట వచ్చిన మనిషి ఎవరో తెలుసా? మా చర్చి వెనకింటాయన. మా మైకు గోల భరించలేకపోతున్నానని పోలీసులకి ఎన్నిసార్లు ఫిర్యాదు చేశాడో లెక్కలేదు. ఆయన్ని రెండుచేతులా పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు పాస్టరుగారు. మీరు ఏ దేవుణ్ణి మొక్కుతారు అని ఎవర్నీ ఎవరూ అడగలేదు. ఊపిరి ఎలా ఉంది అని మాత్రమే అడిగాం.

ఇక మా సంఘం సంగతి చెప్పాలంటే నా నోరే సిగ్గుపడాలి. కుడివైపు వాళ్లు, ఎడమవైపు వాళ్లు అని నేను వెక్కిరించిన మనుషులే అందరూ. రిటైరైన హెడ్మాస్టరమ్మ పెరట్లో పెద్ద డేగిసా పెట్టి రోగుల దుప్పట్లు ఉడకబెట్టి ఉతికేది. నడుం నొప్పని ఆరాధనలో మోకాళ్లు వెయ్యని మనిషి ఆవిడ! పాస్టరుగారు మలమూత్రాల పాత్రలు మోసేవారు, మళ్లీ చేతులు కడుక్కుని ప్రార్థనకి నిలబడేవారు. క్వయర్ వాళ్లు లోపలికి రాకూడదని నేను కట్టడి చేస్తే, కాంపౌండు గోడ బయట దూరందూరంగా నిలబడి కిటికీల్లోంచి వినబడేలా పాడేవారు. వెనకింటాయన నన్ను పిలిచి, "ఏమ్మా, వాళ్లని ఇంకాస్త గట్టిగా పాడమనకూడదూ?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

క్వయర్‌లో బొంగురుగొంతు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయనకీ జబ్బు తగిలింది, నాలుగు రోజుల్లో పోయాడు. మర్నాడు పాట ఉండదనే అనుకున్నాను. టైముకి అందరూ వచ్చారు. ఆయన నిలబడే చోటు వదిలిపెట్టి, అటూ ఇటూ నిలబడి పాడారు. మధ్యలో ఒకసారి ఆగారు, మళ్లీ అందుకున్నారు. నేను చేతిలో సూది పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చర్చి అంటే ఇదన్నమాట అనిపించింది. ఇన్నేళ్లూ చర్చికి వెళ్లాను గానీ దాన్ని చూడటం ఆరోజే.

మా మామయ్య కూడా ఊరికే కూర్చోలేదు. రోజూ పొద్దున్నే పాలూ రొట్టెలూ తన టెంపోలో తెచ్చి గేటు దగ్గర దింపి వెళ్లేవాడు. చిన్నమామయ్య కుట్టుమిషన్లు తిప్పించి మాస్కులు కుట్టించి పంపేవాడు. ఈయన వచ్చే టైముకి ఆయన రాడు, ఆయన వచ్చే టైముకి ఈయన రాడు. అంత కచ్చితంగా గడియారాలు కూడా నడవవు.

ఆ క్రమం ఒక పొద్దున తప్పింది. మామయ్య పాలు దింపుతున్నాడు. చిన్నమామయ్య షాపులోని పనివాళ్లు ఒక ఆటోలోంచి ఎవర్నో దింపి మెట్ల మీద కూర్చోబెట్టారు. నేను పరుగెత్తుకెళ్లి చూద్దును గదా, చిన్నమామయ్యే! పెదాలు నల్లబడ్డాయి, గుండె ఎగిరెగిరి పడుతోంది. చిన్నత్తయ్య జ్వరంతో ఇంట్లోనే పడుందట. తిరిగిన ఆస్పత్రులన్నీ చోటు లేదన్నాయట. వేలికి ఆక్సిజన్ కొలిచే మిషను తగిలించి చూశాను, అంకె బాగా పడిపోయి ఉంది. గాలి మాస్కు పెట్టి గోడకి ఆనించి కూర్చోబెట్టాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "వెంటనే బోర్లా పడుకోబెట్టు. ఈ రెండు రోజులు గట్టెక్కితే బతుకుతాడు" అంది.

ఎక్కడ పడుకోబెట్టను? హాలంతా నిండి ఉంది. నేలమీద పడుకోబెడదామంటే, కడిగిన నేల, ఒకటే తడి. గోడ పక్కన మిగిలిన ఆ రెండు బెంచీలు తప్ప ఇంకేమీ లేవు. అవి కలపడానికి వడ్రంగి లేడు, అతనూ జ్వరంతో లోపలే పడుకున్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే మామయ్య లేడు. నిమిషంలో టెంపోలోంచి రంపం పట్టుకొచ్చాడు. దుప్పట్లు కింద పారేసి, తన బెంచీని వరండాలోకి ఈడ్చి, తలకిందులు చేసి, కాలి మీద నాలుగు వేళ్లు ఆనించి గీత పెట్టాడు. కోయడం మొదలెట్టాడు. చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోవడం లేదు. అది మంచి టేకు. ఒకప్పుడు దాని మీద ఈగ వాలినా ఊరుకునేవాడు కాదు. ఆ టేకుపొట్టు ఇప్పుడు ఆయన గడ్డం నిండా పడింది.

"తొందరగా మామయ్యా, తొందరగా!" అని నేను అరుస్తూనే ఉన్నాను.

కోశాక ఇద్దరం పట్టుకొచ్చి చిన్నమామయ్య బెంచీకి ఎదురుగా పెట్టాం. అప్పుడు తెలిసింది అసలు సంగతి. మామయ్య బెంచీ ఇప్పుడు రెండు వేళ్లు కిందకి దిగిపోయింది!

మామయ్య వంగి చూశాడు. వేళ్లు పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. "నాలుగు వేళ్లన్నాను గదమ్మా" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"ఎప్పుడైనా కొలిచారా?"

తల అడ్డంగా ఊపాడు. ఊళ్లో ఎవరి గోడైనా వెంట్రుకవాసి వంగితే కూల్చి మళ్లీ కట్టించే మేస్త్రీ, ఆ ఒక్కటీ ఏనాడూ కొలవలేదు. సంఘం కూడా కొలవలేదు, నేనూ కొలవలేదు. రెండు వేళ్ల తేడాని అందరం కలిసి నాలుగు వేళ్లుగా మోశాం ఇన్నేళ్లూ.

మాట్లాడే టైం లేదు. చర్చి కట్టినప్పుడు మిగిలిన నేల పలకలు పెరట్లో ఉంటే తెచ్చి, కోసిన కాళ్ల కింద పేర్చాం. మూడు కాళ్లు నిలిచాయి. తలవైపు లోపలి కాలు మాత్రం వంకరగా తెగింది. చెయ్యి వణికి ఉంటుంది. దాని కింద పలక నిలవడం లేదు, కదిలితే జారిపోతోంది. అయినా అలాగే చిన్నమామయ్యని ఎత్తి బోర్లా పడుకోబెట్టాం. ఛాతీ కింద దిండు, నుదుటి కింద మడిచిన దుప్పటి. రెండు బెంచీల మధ్య సందు మీదకి ముక్కూ కళ్లూ వచ్చేలా సర్దాను, ఊపిరికి అడ్డం లేకుండా. దగ్గొచ్చిన ప్రతిసారీ మంచమంతా ఊగింది, పలక జారింది.

"ఇంటి మనిషి ఒకరు పక్కనుండాలి. ఎవరున్నారు?" అన్నాను.

"నేనుంటాను. నేనని వాడికి చెప్పకు తల్లీ. తెలిస్తే నా మీద నోరు పారేసుకుంటాడు. ఉన్న కాస్త ఊపిరీ నన్ను తిట్టడానికే అయిపోతుంది" అన్నాడు మామయ్య.

సరేనని ఆయనకి ప్లాస్టిక్ సూటు తొడిగాను. తలకి టోపీ, కళ్లకి అద్దాలు, మాస్కు మీద మాస్కు. కన్నకొడుకు చూసినా పోల్చుకోలేడు. కాళ్లకి తొడుగులిచ్చి నా పనిలో పడ్డాను. తిరిగొచ్చి చూస్తే ఏముంది, తల నుంచి చీలమండ దాకా ప్లాస్టిక్, కింద వట్టికాళ్లు!

"తొడుగులేవి మామయ్యా?"

"మందిరంలోకి కాళ్లకి ఏదో ఒకటి తగిలించుకుని ఎలా వస్తానే?"

"ఇది ఇప్పుడు వార్డు!"

"నీకు వార్డు" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చెప్పులు గుమ్మం బయట వదలడమే అలవాటు. ఆ మొండిమనిషితో వాదిస్తే నా గొంతే పోతుంది. వస్తూపోతూ గుమ్మం దగ్గర మందు కలిపిన బకెట్లో కాళ్లు కడుక్కోమని ఒట్టేయించుకుని వదిలేశాను.

మంచం తలవైపున ఒక పీట వేసుకుని కూర్చున్నాడు. ఎడమకాలు చాపి బెంచీ కిందకి పెట్టి, పలక జారకుండా పాదం అడ్డం పెట్టాడు. తమ్ముడు దగ్గినప్పుడల్లా బెంచీ బరువు వచ్చి ఆ వంకరవేలు మీద పడేది. మామయ్య కళ్లు మూసుకునేవాడు గానీ కాలు తీసేవాడు కాదు.

మర్నాడు అంకె ఇంకా కిందకి పడింది. చిన్నమామయ్య గోళ్లు నీలంగా మారాయి. డాక్టరమ్మ వచ్చి చూసి, పెదవి విరవలేదు గానీ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే దాని అర్థం నాకు తెలుసు. మామయ్య నన్ను వరండాలోకి పిలిచి గోడకి ఆనుకున్నాడు. "వాడు పోతే నేనెందుకే ఇంకా? ఒక్కసారి తమ్ముడూ అని పిలవడానికి ఇన్నేళ్లు నోరు రాలేదు. ఇప్పుడు పిలుద్దామంటే భయం" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా అత్తయ్య పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు. నాకు తెలిసిన తిట్లూ ఓదార్పులూ అన్నీ అయిపోయాయి. "లోపలికి పదండి, పలక జారుతుంది" అని మాత్రం అన్నాను. కళ్లు తుడుచుకుని వెళ్లి మళ్లీ కాలు చాపుకుని కూర్చున్నాడు.

సాయంత్రం పాస్టరుగారు వచ్చి మంచం పక్కన మోకరించారు. బయట క్వయర్ పాట మొదలెట్టింది. కుడివైపు వాళ్లూ ఎడమవైపు వాళ్లూ ఒకే గోడ వెంట కలగలిసి నిలబడి ఉన్నారు. ఎవరు చెప్పారో ఏమో, ఆరోజు పాటయ్యాక వాళ్లు ఇళ్లకి వెళ్లలేదు. చీకటిపడే దాకా అక్కడే నిలబడి ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. నేను అంకె చూడటం మానేసి కిటికీలోంచి వాళ్లనే చూస్తూ ఉండిపోయాను.

ఆ మర్నాడు అంకె ఆగింది. తర్వాతి రోజు ఒక మెట్టెక్కింది. నెమ్మదిగా, ముసలివాళ్లు మేడ ఎక్కినట్టు, ఆగి ఆగి ఎక్కింది. చిన్నమామయ్య నోట మాట వచ్చింది.

"ఏమ్మాయ్, ఈ అబ్బాయికి... మాటలు రావా?" అన్నాడు నాతో, బోర్లా పడుకునే.

"రావు చిన్నమామయ్యా" అన్నాను.

"పాపం. మంచివాడు. బాబూ... నీకు పెళ్లయిందా?"

మామయ్య ఏం చేస్తాడు, అయిందని బెంచీ మీద ఒక దెబ్బ కొట్టాడు. నేను మొహం తిప్పుకుని నవ్వుకున్నాను.

ఇంకోరోజు నీళ్లు తాగించాక, "బాబూ, నాకో అన్నయ్య ఉన్నాడు" అని మొదలెట్టాడు. రెండు మాటలకోసారి ఆగుతున్నాడు. "ఒట్టి పొగరుబోతు. చిన్నప్పుడు మాత్రం... నా దెబ్బలన్నీ తనే తినేవాడు. ప్రతిష్ఠ రోజున నలుగురిలో నేను... ఆ మాట అనకుండా ఉండాల్సింది. తప్పే. నువ్వెప్పుడైనా చూస్తే చెప్పు." మామయ్య కళ్లద్దాల లోపలంతా ఆవిరి పట్టేసింది. తుడుచుకుందామంటే అద్దాలు తియ్యకూడదు.

చివరికి డాక్టరమ్మ, ఇక ఇంటికి పంపొచ్చు అంది. చిన్నమామయ్యని లేపి కూర్చోబెట్టాను. గడ్డం మాసిపోయి, చొక్కా వేలాడుతూ, సగం మనిషయ్యాడు. మామయ్య ఇంకా పీట మీదే ఉన్నాడు, కాలు ఇంకా బెంచీ కిందే ఉంది. అలవాటైపోయింది మరి.

చిన్నమామయ్య వంగి కిందకి చూశాడు. "కాలు తియ్యి అన్నయ్యా. ఇక నేను దగ్గను" అన్నాడు.

మామయ్య కాలు తియ్యలేదు.

"ఎప్పుడు తెలిసిందిరా?" అన్నాడు మామయ్య, ఆ మాస్కుల వెనక నుంచి.

"బోర్లా పడుకోబెట్టినప్పుడే. కళ్లు తెరిస్తే ఎదురుగా నీ వేలే. ఆ వేలు చితక్కొట్టింది నేను, నాకు తెలియదా?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే లేచి వెళ్లిపోతావని భయం. ఊపిరి ఆడనప్పుడల్లా ఆ కాలు ఉందా లేదా అని చూసుకునేవాణ్ణి. ఉంది కదా అని ఇంకో ఊపిరి తీసుకునేవాణ్ణి."

మామయ్య పాదం బయటకి తీశాడు. వేలు నల్లగా కమిలి వాచిపోయి ఉంది. చిన్నమామయ్య రెండుచేతులతో ఆ పాదం పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ముట్టుకోకూడదు, సూటు తీశాక గానీ దగ్గరికి రాకూడదు అని అరవాల్సింది నేనే. నా పెద్ద నోరు ఆరోజు పెగల్లేదు.

జబ్బు ఉధృతం తగ్గి చర్చి మళ్లీ తెరిచారు. మంచాలన్నీ విడదీసి బెంచీల్ని మళ్లీ వరసల్లో వేశాం. వడ్రంగి బతికి బయటపడ్డాడు. మామయ్య బెంచీకి కొత్త కాళ్లు అతికిస్తానని వచ్చాడు. వద్దని పంపేశాడు మామయ్య. మొదటి ఆదివారం అందరం వెళ్లాం. పోయినవాళ్ల చోట్లు ఖాళీగా ఉన్నాయి, ఎవరూ వాటిలో కూర్చోలేదు. వెనకింటాయన మాత్రం భార్యని వెంటబెట్టుకుని వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ఊరికే పాట వినడానికి వచ్చానన్నాడు.

ఆరాధన మొదలయ్యే ముందు మామయ్య లేచి నిలబడ్డాడు. మళ్లీ ఇంకేం జోకేస్తాడో అనుకున్నాను.

"ప్రతిష్ఠ రోజున నా తమ్ముడి బెంచీలు నాలుగు వేళ్లు పొట్టి అన్నాను. కొలవకుండా అన్నాను. రెండు వేళ్లే. మీ అందరి ముందూ అన్నాను గనక మీ అందరి ముందే చెప్తున్నాను" అని కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఎడమవైపు ముందు వరసలోంచి చిన్నమామయ్య లేచాడు. కర్ర పట్టుకుని నెమ్మదిగా మధ్యదారి దాటాడు. ఆ దారి ఆయన అలా దాటడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చి అన్న పక్కన ఆ బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీ ఒకపక్కకి ఊగింది, మామయ్య చటుక్కున పాదం కిందకి తోశాడు.

చిన్నమామయ్య రెండు పాదాలూ నేల మీద పెట్టి, ఒకటికి రెండుసార్లు తట్టి చూసుకున్నాడు. తర్వాత సంఘమంతా వినేలా అన్నాడు.

"ఆనుతున్నాయి అన్నయ్యా."

ఆరోజు పాస్టరుగారు సంస్కారానికి అందర్నీ ఒకేసారి పిలిచారు.